కడుపులో బిడ్డకు తల్లి దిగులు ఎంత చేరుతుంది?

ఇంగ్లండ్ నైరుతి భాగంలో బ్రిస్టల్ నగరం ఉంది. 1991 ఏప్రిల్ 1కీ 1992 డిసెంబర్ 31కీ మధ్య కాన్పు రావలసిన ఆ చుట్టుపక్కల గర్భిణులందరినీ బ్రిస్టల్ యూనివర్సిటీ ఒక అధ్యయనంలో చేరమని అడిగింది. 14,500కు పైగా గర్భాలు నమోదయ్యాయి. జీన్ గోల్డింగ్ అనే శాస్త్రవేత్త తలకెత్తుకున్న ఆ పని ఇప్పటికీ ఆగలేదు. ఆనాడు కడుపులో ఉన్నవాళ్లు ఇప్పుడు ముప్పై దాటారు, వాళ్ల పిల్లల వివరాలు కూడా అదే దస్త్రంలోకి చేరుతున్నాయి. ‘తొంభైల పిల్లలు’ అని అక్కడివాళ్లు పిలుచుకునే ఈ అధ్యయనం కోసం కాన్పు తర్వాత పారేసే మాయలను కూడా వేల సంఖ్యలో ఫార్మలిన్‌లో దాచిపెట్టారు. ఊడిన పాలపళ్లను సైతం అడిగి తీసుకున్నారు.

గర్భం 18వ వారంలో ఒకసారి, 32వ వారంలో మరోసారి ఆ తల్లులు ప్రశ్నల పుస్తకం నింపారు. అందులో కొన్ని ప్రశ్నలు మనసు గురించి. ఊరికే కలవరంగా ఉంటోందా, కారణం లేకుండా భయం వేస్తోందా, ఎప్పుడూ ఏదో ఒక చింత పట్టి పీడిస్తోందా అన్న ధోరణిలో ఉండేవి. బిడ్డ ఇంకా పుట్టలేదు కాబట్టి, బిడ్డ అల్లరిని చూసి విసిగిపోయి రాసిన జవాబులు కావవి. ఈ అధ్యయనం బలమంతా అక్కడే ఉంది. ముందు తల్లి మనసు నమోదైంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి బిడ్డను గమనించారు.

2002లో థామస్ ఓకానర్, లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన వివెట్ గ్లోవర్, మరికొందరు కలిసి ఆ దస్త్రాల్లోంచి 7,448 మంది తల్లుల వివరాలు తీసి చూశారు. నిండు నెలల్లో ఆందోళన బాగా ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో, నాలుగేళ్ల వయసుకు ప్రవర్తన, భావోద్వేగ సమస్యలు ఎక్కువగా కనిపించాయి. కాన్పు తర్వాత తల్లికి వచ్చిన దిగులు, పొగతాగే అలవాటు, బిడ్డ బరువు, ఇంటి ఆర్థిక స్థితి వంటివన్నీ లెక్కలోంచి తీసేసి చూసినా ఆ తేడా నిలిచింది. 2014లో అదే పిల్లలను 13 ఏళ్ల వరకు చూసిన మరో విశ్లేషణ వచ్చింది. ఆందోళన స్థాయిలో పై 15 శాతంలో ఉన్న తల్లుల పిల్లల్లో మానసిక సమస్య ఉండే అవకాశం 12 శాతానికి కాస్త పైన, మిగతా తల్లుల పిల్లల్లో 7 శాతానికి కాస్త లోపల ఉంది.

‘దాదాపు రెట్టింపు’ అని పత్రికలు రాసింది ఈ అంకెల గురించే. రెట్టింపు అనగానే కడుపుతో ఉన్న ఆడపిల్ల గుండె జారిపోతుంది. అదే అంకెను రెండో వైపు నుంచి చదవండి. అందరికంటే ఎక్కువ ఆందోళన పడిన తల్లులకు పుట్టిన 100 మంది పిల్లల్లో 87, 88 మందికి అలాంటి సమస్య ఏదీ రాలేదు. ఈ విషయం మీద ఎన్ని వ్యాసాలు వచ్చినా ఈ ఒక్క సంగతి ఎందుకో వెనకబడిపోతుంది. నా మటుకు నాకు మొదట చెప్పవలసింది ఇదే.

తల్లి ఆందోళనకూ బిడ్డ ఆందోళనకూ సంబంధం కనిపించిందంటే దానికి మూడు కారణాలు ఉండొచ్చు. గర్భంలో తల్లి శరీరంలో జరిగిన మార్పులు బిడ్డను తాకి ఉండొచ్చు. తల్లికి ఉన్న స్వభావం జన్యువుల్లో బిడ్డకు వచ్చి ఉండొచ్చు. లేదా కాన్పు తర్వాత కూడా అదే బెంగతో ఉన్న తల్లి చేతుల్లో పెరగడం వల్ల కావచ్చు. మామూలు కుటుంబాల్లో ఈ మూడింటినీ విడదీయడం సాధ్యం కాదు, ఎందుకంటే కన్నతల్లే జన్యువులూ ఇస్తుంది, గర్భమూ మోస్తుంది, పెంచుతుంది కూడా.

వేల్స్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీలో ఫ్రాన్సిస్ రైస్, అనితా థాపర్ బృందం దీనికి చక్కటి దారి వెతికింది. ఐవీఎఫ్ ద్వారా పుట్టిన పిల్లల్లో కొందరు తల్లి సొంత అండంతో పుట్టినవాళ్లు, కొందరు వేరొకరు దానం చేసిన అండంతో పుట్టినవాళ్లు. రెండో రకంలో గర్భం మోసిన తల్లికీ బిడ్డకూ జన్యు సంబంధం ఉండదు. 2010లో వాళ్లు వెల్లడించిన ఫలితాలు ఏదో ఒక కారణం వైపే మొగ్గలేదు. గర్భంలో ఒత్తిడికీ బిడ్డ తక్కువ బరువుతో పుట్టడానికీ, మొండిగా తిరగబడే ప్రవర్తనకూ ఉన్న సంబంధం జన్యు సంబంధం లేని జంటల్లోనూ కనిపించింది. అంటే అక్కడ గర్భంలోని వాతావరణానికి పాత్ర ఉన్నట్టే. నిలకడలేని అతిచురుకుదనం విషయంలో సంబంధం సొంత అండంతో పుట్టినవాళ్లలోనే కనిపించింది, కాబట్టి అది వంశపారంపర్యం. బిడ్డ ఆందోళన విషయానికి వస్తే, తల్లి ప్రస్తుతం ఎలా ఉందన్నదే పెద్ద కారణంగా తేలింది. గర్భిణిగా ఉన్నప్పుడు పడిన బెంగ ఒక్కటే బిడ్డ రాత రాసేస్తుందనుకునేవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి నిదానంగా చదవాలి.

ఇక, తల్లి బెంగ బిడ్డకు చేరే దారి ఏది? అందరికీ ముందు గుర్తొచ్చేది కార్టిసాల్. ఒత్తిడి కలిగినప్పుడు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు దాన్ని రక్తంలోకి వదులుతాయి. గర్భిణుల్లో అది మామూలుగానే ఎక్కువగా ఉంటుంది, బిడ్డ ఊపిరితిత్తులు ఎదగడానికి నెలలు నిండేటప్పుడు అది అవసరం కూడా. అయితే తల్లి రక్తంలో ఉన్నదంతా బిడ్డ మీద పడకుండా మాయలో ఒక ఎంజైమ్ కాపలా ఉంటుంది, కార్టిసాల్‌లో ఎక్కువ భాగాన్ని పనికిరాని రూపంలోకి మార్చేస్తుంది. తల్లిలో కార్టిసాల్ పెరిగేకొద్దీ బిడ్డలోనూ పెరుగుతుందని, కానీ బిడ్డలో ఉండేది తల్లిలో ఉన్నదాని కంటే చాలా తక్కువని 1998లోనే గ్లోవర్ బృందం చూపించింది. తర్వాత 2012లో, ముందే తేదీ పెట్టుకున్న సిజేరియన్‌కు వచ్చిన తల్లుల మాయలను పరీక్షిస్తే, ఆందోళన ఎక్కువ ఉన్నవాళ్లలో ఈ కాపలా ఎంజైమ్ తగ్గి ఉన్నట్టు కనిపించింది.

ఇంతవరకు కథ పాతదే. గత ఇరవై ఏళ్లలో కొత్తగా వచ్చి చేరింది పేగుల్లోని బ్యాక్టీరియా.

మొదట ఒక అపోహ తొలగిద్దాం. బిడ్డ గర్భంలో ఉండగానే మాయలోంచి బ్యాక్టీరియా చేరుతుందని కొన్నాళ్లు గట్టిగా వినిపించింది. కేంబ్రిడ్జిలో గోర్డన్ స్మిత్, మార్కస్ డి గోఫావ్, మరికొందరు కలిసి 537 మంది తల్లుల మాయలను జల్లెడ పట్టి 2019లో ‘నేచర్’ పత్రికలో ఫలితం ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న మాయలో బ్యాక్టీరియా కాపురం లేదు. అంతకు ముందు దొరికిందని చెప్పినవాటిలో చాలా భాగం ప్రయోగశాలలో వాడే రసాయనాల్లోంచి, కాన్పు సమయంలో అంటుకున్నవాటిలోంచి వచ్చినవే. కాబట్టి బిడ్డకు సూక్ష్మజీవులతో పరిచయం ప్రధానంగా కాన్పుతోనే మొదలవుతుంది. తల్లి జననమార్గం, మలం, చర్మం, ఆ తర్వాత చనుబాలు దారులవుతాయి. పాలకు తోడు పడినట్టే అనుకోండి. తోడు ఎలాంటిదన్నదాంతో పాటు పాలు ఎలాంటివి, ఎంత వెచ్చగా ఉన్నాయన్నది కూడా పెరుగును నిర్ణయిస్తుంది.

ఆ తోడు ఎలా పడుతుందో బ్రిటన్‌లోనే చాలా ఓపికగా చూశారు. తూర్పు లండన్‌లోని బార్కింగ్ ప్రాంతం, లెస్టర్, మధ్య లండన్ ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డల మలాన్ని నాలుగో రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజు సేకరించారు. బార్కింగ్, లెస్టర్ రెండూ మన దక్షిణాసియా కుటుంబాలు దండిగా ఉండే చోట్లు. కొత్తగా కాన్పయిన తల్లి, నిద్ర లేని కళ్లతో, డైపర్‌లోంచి చిన్న చెంచాతో తీసి గొట్టంలో వేసి మూతబిగించి పంపితే తప్ప ఈ శాస్త్రం ఒక్క అడుగు కూడా కదలదు. వాటిని కేంబ్రిడ్జి దగ్గరి వెల్‌కమ్ సాంగర్ సంస్థలో ట్రెవర్ లాలీ బృందం విశ్లేషించింది. 2019లో 596 మంది బిడ్డల వివరాలు బయటికొచ్చాయి. మామూలు కాన్పుతో పుట్టినవాళ్ల పేగుల్లో తల్లి నుంచి వచ్చిన బ్యాక్టీరియా ఎక్కువగా కనిపిస్తే, సిజేరియన్ బిడ్డల్లో బ్యాక్టీరాయిడ్స్ అనే రకం బాగా తగ్గి, ఆసుపత్రుల్లో తిరిగే రకాలు ఎక్కువ చేరాయి. అయితే ఆరు నుంచి తొమ్మిది నెలలు వచ్చేసరికి ఈ తేడాలు చాలావరకు చెరిగిపోయాయి. సిజేరియన్ అయిందని కుమిలిపోయే తల్లులు ఈ చివరి వాక్యాన్ని గుర్తు పెట్టుకోవాలి.

ఇక్కడ చనుబాలది పెద్ద పాత్ర. తల్లిపాలలో కొన్ని రకాల సంక్లిష్ట చక్కెరలు ఉంటాయి. పరిమాణంలో చూస్తే లాక్టోజ్, కొవ్వు తర్వాత స్థానం వాటిదే. విచిత్రమేమిటంటే వాటిని బిడ్డ అరిగించుకోలేదు. అవి బిడ్డ కోసం ఉన్నవి కావు, బిడ్డ పేగుల్లోని బిఫిడోబ్యాక్టీరియాకు మేత. వాటిని తిని ఆ బ్యాక్టీరియా పెరిగి, పేగును ఆమ్లగుణంగా ఉంచి, చెడ్డ రకాలను చేరనివ్వదు. ప్రకృతి తల్లి పాలలో మూడో వంటకాన్ని బిడ్డ కోసం కాకుండా బిడ్డ లోపలి అతిథుల కోసం వండిపెట్టిందంటే, ఆ అతిథుల అవసరం ఎంతో తెలుస్తోంది.

మరి తల్లి ఒత్తిడికీ బిడ్డ పేగుల్లోని బ్యాక్టీరియాకూ నిజంగా సంబంధం ఉందా? మనుషుల్లో చూసిన తొలి అధ్యయనాల్లో ఒకటి నెదర్లాండ్స్‌ది, 2015లో వచ్చింది. 56 మంది బిడ్డలను పుట్టినప్పటి నుంచి 110 రోజుల వరకు గమనించారు. గర్భంలో ఒత్తిడి, కార్టిసాల్ ఎక్కువ ఉన్న తల్లుల బిడ్డల్లో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా, బిఫిడో రకాలు తక్కువగా, ఈకోలై బంధువర్గం ఎక్కువగా కనిపించింది. ఆ బిడ్డలకు కడుపు బాధలు, ఎలర్జీ లక్షణాలు ఎక్కువని తల్లులు చెప్పారు. అంతకుముందు 2004లో అమెరికాలో, గర్భంతో ఉన్న కోతులకు ఆరు వారాలపాటు రోజూ కొద్దిసేపు ఉలిక్కిపడే చప్పుళ్లు వినిపించారు. వాటి పిల్లల పేగుల్లో కూడా మేలుచేసే ఈ రెండు రకాలే తగ్గాయి.

బ్యాక్టీరియా తేడా మెదడుదాకా పోతుందనడానికి అందరూ చెప్పే ప్రయోగం జపాన్‌ది. క్యూషూ యూనివర్సిటీలో నొబుయుకి సుడో బృందం 2004లో ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలను కాసేపు కదలనివ్వకుండా బంధించింది. మామూలు ఎలుకలతో పోలిస్తే వాటిలో ఒత్తిడి హార్మోన్లు ఎగిరి ఎక్కడికో పోయాయి. ఒక బిఫిడోబ్యాక్టీరియాను మాత్రం పేగుల్లోకి ఎక్కించగానే ఆ అతి స్పందన సర్దుకుంది. మామూలు ఎలుకల బ్యాక్టీరియా మొత్తాన్ని ఎక్కించినప్పుడు మాత్రం చిన్నతనంలో అయితేనే బాగా పనిచేసింది, ఎదిగాక అంతగా పనిచేయలేదు. తొలి నెలల్లో ఒక కిటికీ తెరుచుకుని ఉంటుందన్న ఆలోచనకు పునాది ఇదే.

కిటికీ ఉందని తేలగానే, మంచి బ్యాక్టీరియా ఇచ్చేస్తే సమస్య తీరిపోతుంది కదా అనిపిస్తుంది. అదీ పరీక్షించారు. అమెరికాలో ట్రేసీ బేల్, ఎల్డిన్ యాషరెవిచ్ బృందం 2018లో ఎలుక పిల్లలను సిజేరియన్‌తో బయటికి తీసి, ఒత్తిడిలో ఉన్న తల్లుల జననమార్గంలోని బ్యాక్టీరియాను వాటికి ఎక్కించింది. ఏ ఒత్తిడీ ఎరగని పిల్లల్లో కూడా ఒత్తిడిలో పెరిగినవాటి లక్షణాలు కొన్ని వచ్చాయి. అంటే బ్యాక్టీరియాకు పాత్ర ఉంది. కానీ తిరగేసి చూస్తే, గర్భంలో ఒత్తిడిని అనుభవించిన పిల్లలకు ఒత్తిడిలేని తల్లి బ్యాక్టీరియాను ఎక్కిస్తే అవి బాగుపడలేదు. గర్భంలోనే పడిన ముద్రను కాన్పు తర్వాత ఎక్కించిన బ్యాక్టీరియా తుడిచివేయలేకపోయింది. ఒక్క దారినే పట్టుకుని వేలాడటం ఎందుకు తప్పో చెప్పడానికి ఈ ప్రయోగం కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

మనుషుల దగ్గరికి వస్తే మరో చిక్కు. ఒత్తిడిలో ఉన్న తల్లి నిద్ర తక్కువ పోతుంది, తినే తిండి మారుతుంది, మందులు వాడవలసి రావచ్చు, చనుబాలు త్వరగా మానవలసి రావచ్చు. వీటిలో ప్రతిదీ బ్యాక్టీరియాను మార్చగలదు. మన కంటికి కనిపించిన తేడాకు కారణం ఒత్తిడా, ఒత్తిడితో వచ్చిన ఇవన్నీనా? యాభై మందితోనో రెండు వందల మందితోనో చేసిన అధ్యయనాలు దీన్ని తేల్చలేవు. ఆస్ట్రేలియాలో 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో, గర్భం చివరి మూడు నెలల్లో తల్లి పేగుల్లో బ్యాక్టీరియా వైవిధ్యం ఎక్కువ ఉంటే, రెండేళ్లకు బిడ్డలో బెదురు, ముడుచుకుపోయే తత్వం తక్కువగా కనిపించింది. ఆశ కలిగించే విషయమే. రుజువు అనడానికి ఇంకా దూరముంది.

పేగుకూ మెదడుకూ మాటలు ఎలా నడుస్తాయన్నది కూడా చాలామంది పొరపాటుగా చెప్పుకుంటున్నారు. శరీరంలోని సెరోటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది కాబట్టి సంతోషం పేగుల్లో పుడుతుందని సోషల్ మీడియాలో తరచూ కనిపిస్తుంది. కానీ ఆ సెరోటోనిన్ రక్తంలోంచి మెదడులోకి పోలేదు, అడ్డుగోడ ఉంది. మెదడు తనకు కావలసింది తానే తయారు చేసుకుంటుంది. ఇప్పటికి తెలిసినంతలో వేరే దారులున్నాయి. మెదడు నుంచి పేగులదాకా పోయే వేగస్ నాడి ఒకటి. బ్యాక్టీరియాను చూసి మేల్కొనే రోగనిరోధక కణాలు వదిలే సంకేతాలు ఇంకొకటి. పీచుపదార్థాన్ని పులియబెట్టి బ్యాక్టీరియా తయారు చేసే బ్యుటిరేట్ వంటి చిన్న ఆమ్లాలు మరొకటి. ఎదిగే మెదడులో వీటిలో ఏది ఎంత పని చేస్తుందో బొమ్మ పూర్తి కాలేదు.

ఇంత అసంపూర్తిగా ఉన్న శాస్త్రం మీద పెద్ద వ్యాపారం మాత్రం అప్పుడే లేచింది. బ్రిటన్ మందుల షాపుల్లో గర్భిణుల కోసమని ప్రోబయోటిక్ డబ్బాలు వరసగా కనిపిస్తాయి. న్యూజిలాండ్‌లో 423 మంది గర్భిణులకు ఒక రకం లాక్టోబాసిల్లస్ ఇచ్చి చూస్తే, కాన్పు తర్వాత దిగులు, ఆందోళన మార్కులు కాస్త తగ్గాయని 2017లో తేలింది. ఆ తర్వాత 2020లో, అక్కడే బరువు ఎక్కువున్న 230 మంది గర్భిణుల్లో ప్రోబయోటిక్ ఇచ్చి చూస్తే తేడా కనిపించలేదు. రెండింటిలోనూ కొలిచింది తల్లి మనసునే. తల్లికి మాత్ర ఇస్తే బిడ్డ మనసు కుదుటపడుతుందని నమ్మకంగా చెప్పడానికి ఆధారం లేదు. ఇంకో మాట, సిజేరియన్ బిడ్డ మొహానికి తల్లి జననమార్గపు స్రావాన్ని పూసే పద్ధతి మీద 2016లోనే లండన్ వైద్యులు ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో హెచ్చరించారు. మేలు రుజువు కాలేదు, బిడ్డకు ఇన్ఫెక్షన్ సోకే ముప్పు మాత్రం ఉంది. ఎవరో వీడియోలో చెప్పారని చేయకండి.

తిండి విషయంలో బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు కలిసొచ్చేది ఉంది. పెద్దవాళ్లు రోజుకు 30 గ్రాముల పీచు తినాలని బ్రిటన్ పోషకాహార సలహా సంఘం 2015లో చెప్పింది, అక్కడి సగటు మనిషి దానికి చాలా దూరంలోనే ఆగిపోతున్నాడు. కందిపప్పు, పెసలు, అలసందలు, తోటకూర, గోంగూర, చిక్కుడు, రాగి సంకటి తినే ఇంట్లో అది కష్టం కాదు. పెరుగులో బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది. ఇడ్లీ పిండి పులిసినా ఆవిరిలో ఉడికాక అందులో బ్యాక్టీరియా బతకదు, కాబట్టి ఇడ్లీని ప్రోబయోటిక్ అనడం సరికాదు, మంచి తిండే కానీ. చద్దన్నం గురించి జాగ్రత్త చెప్పక తప్పదు. వండిన అన్నాన్ని గంటలోపల చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, ఒక రోజులోగా తినేయమని బ్రిటన్ ఆహార భద్రతా శాఖ సూచన. హీటర్ వేసిన వెచ్చటి వంటింట్లో రాత్రంతా గిన్నెలో వదిలేసిన అన్నం గర్భిణికి వద్దు.

నాకు ఎక్కువ ధైర్యం కలిగించేవి మాత్రం బ్యాక్టీరియాతో సంబంధం లేని రెండు బ్రిటన్ అధ్యయనాలు. లండన్‌లో గ్లోవర్ బృందం, దాదాపు 17వ వారంలో ఉమ్మనీటి పరీక్ష చేయించుకున్న 125 మంది తల్లుల ఉమ్మనీటిలో కార్టిసాల్ కొలిచి, పదిహేడో నెలలో ఆ బిడ్డల బుద్ధివికాసం చూసింది. తల్లితో బంధం గట్టిగా లేని బిడ్డల్లో, గర్భంలో కార్టిసాల్ ఎక్కువగా ఉంటే వికాసం తక్కువగా ఉంది. తల్లితో భద్రంగా ముడిపడిన బిడ్డల్లో ఆ ప్రభావం కనిపించనే లేదు. ఇది 2010 నాటి ఫలితం.

రెండోది లివర్‌పూల్‌కు నది అవతల ఉన్న విరల్ ప్రాంతంలోనిది. హెలెన్ షార్ప్, ఆండ్రూ పికిల్స్, జొనాథన్ హిల్ బృందం తొలి కాన్పు తల్లులను ఒక చిన్న ప్రశ్న అడిగింది. తొలి వారాల్లో బిడ్డ మొహం, వీపు, చేతులు, కాళ్లు ఎంత తరచుగా నిమురుతారు? బిడ్డకు ఐదో వారంలో, తొమ్మిదో వారంలో అడిగారు. గర్భంలో దిగులుతో ఉన్న తల్లుల్లో, బిడ్డను ఎక్కువగా నిమిరినవాళ్ల పిల్లలు ఏడో నెలకు చిరాకు, ఏడుపు తక్కువగా చూపారు. 2012లో ఇది అచ్చయింది. కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాస్తూ ఊ కొట్టించే మన అమ్మమ్మలు ఈ అధ్యయనంలో లేరు. వాళ్లు ఉన్న చోట మాత్రం ఆ స్పర్శకు కొదవ ఉండదు. బ్రిటన్‌లో చాలామంది తెలుగు తల్లులకు ఆ అమ్మమ్మ దగ్గర లేదు, ఉన్నా విజిటర్ వీసా గడువు ఆరు నెలలే.

అసలు బరువు ఎక్కడ పడుతోందో ఇక్కడ చూడాలి. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వస్తే డిపెండెంట్‌గా వెంట వచ్చిన అమ్మాయి, చలికాలం సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఊళ్లో, ఒక గది ఫ్లాట్‌లో, సీమంతం వాట్సాప్‌లో చేయించుకుంటుంది. వీసా పొడిగింపు, అద్దె, జీతం కోత, ఇంటి నుంచి వచ్చే ఫోన్లలో మాటలు. ఆమెతో “దిగులు పడకు, బిడ్డకు తగులుతుంది” అంటే దిగులు తగ్గదు, దిగులు పడుతున్నానన్న దిగులు ఇంకోటి చేరుతుంది. 2014లో ‘నేచర్’ పత్రికలో సారా రిచర్డ్‌సన్, మరికొందరు పరిశోధకులు ఇదే మాట గట్టిగా రాశారు. గర్భంలో జరిగే మార్పుల మీద వచ్చే ప్రతి ఫలితాన్నీ తల్లి మీద నెట్టకండి, తండ్రి, కుటుంబం, సమాజం బాధ్యత కూడా చూడండి అని. నాకు ఆ మాట నూరుపాళ్లు సబబనిపిస్తుంది.

బ్రిటన్‌లో ఆ బరువును దించడానికి ఒక ఏర్పాటు ఉంది, దాన్ని మనవాళ్లు సరిగా వాడుకోవడం లేదన్నది నా బాధ. గర్భం పదో వారంలోపు మిడ్‌వైఫ్‌తో తొలి అపాయింట్‌మెంట్ ఉంటుంది. ఎత్తు, బరువు, రక్తపోటు చూస్తారు, రక్తం, మూత్రం తీసుకుంటారు, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో ఒక గొట్టంలో ఊదించి చూస్తారు. తర్వాత రెండు ప్రశ్నలు వస్తాయి. గత నెలగా తరచూ దిగులుగా, నిరాశగా, ఏ ఆశా లేనట్టుగా ఉంటోందా? ఏ పనిమీదా ఆసక్తి, ఆనందం లేకుండా పోయిందా? వీటితో పాటు ఆందోళన గురించి మరో రెండు ప్రశ్నలు. వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇవి అడగాలి, కాన్పు తర్వాత కూడా అడగాలి. ఇంట్లో హింస ఉందా అన్నది మాత్రం ఆమె ఒంటరిగా ఉన్నప్పుడే అడుగుతారు.

మన ఇళ్లలో ఏం జరుగుతుంది? భాష రాదని భర్తో, అత్తగారో పక్కన కూర్చుని జవాబు చెప్పేస్తారు. “ఆమెకేం బాధ లేదు, అంతా బాగుంది.” పెన్ను ఆ గడిలో ‘లేదు’ మీద గీత గీసి ముందుకెళుతుంది. ఆ చిన్న గీతతో ఒక మనిషికి అందవలసిన సాయం ఆగిపోతుంది. బిడ్డను సోషల్ సర్వీసెస్ తీసుకుపోతుందన్న భయం కూడా నోరు నొక్కేస్తుంది. దిగులుగా ఉందని సాయం అడిగినందుకు బిడ్డను తీసుకుపోరు. బ్రిటన్‌లో కాన్పయిన ఆరు వారాల తర్వాత నుంచి ఏడాదిలోపు తల్లుల మరణాలకు ప్రత్యక్ష కారణాల్లో ఆత్మహత్యదే మొదటి స్థానమని దేశవ్యాప్త మరణ పరిశీలన నివేదికలు చెబుతున్నాయి. కాబట్టి ఇది బిడ్డ పేగుల గురించిన మాట కావడానికి ముందు తల్లి ప్రాణం గురించిన మాట.

కడుపుతో ఉన్న అమ్మాయిలారా, మిడ్‌వైఫ్ అడిగే ఆ ప్రశ్నలకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పండి. ఇంగ్లిష్ కష్టమైతే అపాయింట్‌మెంట్ పెట్టుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని అడగండి, దానికి మీరు డబ్బు కట్టనక్కర్లేదు. భర్తలారా, ఆ పది నిమిషాలు బయట కూర్చోండి. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌లో, అంటే ప్రభుత్వ వైద్య సేవ మాటలతో ఇచ్చే మానసిక చికిత్సలో, గర్భిణులకు ప్రాధాన్యం ఇస్తారు, జీపీ (ఫ్యామిలీ డాక్టర్) ఉత్తరం లేకుండా మీరే నేరుగా పేరు నమోదు చేసుకోవచ్చు. రాత్రి వేళ మనసు మరీ భరించలేనట్టుగా ఉంటే 111కు ఫోన్ చేసి మానసిక ఆరోగ్యం కోసమని అడగండి, ఆ ఫోన్ కూడా ఉచితమే.